చచ్చిన కణాల్లో వెలుగు

మా వీధిలో ఒక అమ్మాయి బయోటెక్నాలజీ చదువు ముగించి, నేను పనిచేసినలాంటి లాబ్‌లోనే చేరబోతోంది. మొన్న వచ్చి, "ఆంటీ, అక్కడ రోజంతా ఏం చేస్తారు?" అని అడిగింది. కణాలకు అన్నం పెడతాం అన్నాను. నవ్వింది. నేను వేళాకోళం ఆడలేదు. ప్లాస్టిక్ సీసాల్లో, గులాబీ రంగు ద్రవంలో క్యాన్సర్ కణాలు పెరుగుతుంటాయి. పాత ద్రవం తీసి కొత్తది పోయాలి. పండగ రోజైనా పోయాలి, ఇంట్లో ఎవరైనా పోయినా పోయాలి. మా అత్తగారి జ్ఞాపకార్థ కూడిక నుంచి సగంలో లేచి వెళ్ళి పోశాను. ఆ పని ఇంకెవరికైనా అప్పగించవచ్చు గానీ, అప్పగించిన ప్రతిసారీ ఏదో ఒకటి పాడయ్యేది.

ఆ అమ్మాయి కోసం, ఆమె లాంటి వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకు ఏ ఏడు ఏ హోదా వచ్చిందో, ఎన్ని ఫైళ్ళ మీద సంతకాలు పెట్టానో రాయను. అవి నాకే గుర్తులేవు. పెళ్ళి కాకముందు నుంచీ డైరీ రాసే అలవాటుంది. రిటైరయ్యాక తీరిగ్గా అవన్నీ తిరగేశాను. ఏ సంవత్సరం తెరిచినా ఎక్కువ పేజీల్లో ఉన్నది ఒకటే మాట: "సరిగా రాలేదు, మళ్ళీ చెయ్యాలి." ఉద్యోగం అంటే అదే. ఉత్సాహంగా చేరేవాళ్ళకు ఇది ముందే తెలిస్తే మంచిది.

ఒక్క వారం గురించి మాత్రం వివరంగా రాయాలి. ఆ వారంలో మేం కొన్నేళ్ళుగా నమ్మిన ఫలితం తప్పని తేలింది. అదే సమయంలో మా బావ కశింకోటలో మంచం మీద పడుకుని, మా మందు వస్తుందన్న ఆశతో, డాక్టర్లు చెప్పిన వైద్యాన్ని వద్దంటున్నాడు. ఇంకొన్నాళ్ళు అలాగే ఆగితే అతని రెండు కాళ్ళూ పడిపోతాయి. ఆ సంగతి నాకు ఆ వారం దాకా తెలియదు.

పని ఏమిటంటే

యాంటీబాడీ అనేది మన ఒంట్లో తయారయ్యే ప్రోటీన్. ఒక్కో యాంటీబాడీ ఒక్కో ఆకారాన్ని పట్టుకుంటుంది. క్యాన్సర్ కణం పైన మాత్రమే ఉండే ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీ తయారుచేస్తే, అది ఆ కణాన్నే వెతికి పట్టుకుంటుంది. పక్కనున్న మంచి కణాల జోలికి పోదు. కొన్ని క్యాన్సర్లలో ఇలాంటి మందులు బాగా పనిచేశాయి.

మగవాళ్ళకు మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి క్యాన్సర్‌తో వచ్చిన చిక్కు వేరు. దాన్ని గుర్తుపట్టడానికి పనికొచ్చే మంచి ప్రోటీన్లు చాలావరకు కణం లోపలే ఉంటాయి. యాంటీబాడీ చాలా పెద్ద వస్తువు. దాన్ని కణం పొర దాటించి లోపలికి పంపడమంటే కిటికీ ఊచల మధ్య నుంచి మంచం దూర్చడమే.

దీనికి రెండు దారులున్నాయి. కణం తన పైన ఉన్న కొన్ని ప్రోటీన్లను అప్పుడప్పుడు లోపలికి లాక్కుంటుంది. వాటికి మన యాంటీబాడీని తగిలించి, వాటితో పాటు లోపలికి పోయేలా చేయడం ఒకటి. రెండోది, కణం తన లోపలి ప్రోటీన్లను ముక్కలు చేసి, ఆ ముక్కలను బయటికి తెచ్చి చూపిస్తుంటుంది. లోపలికి వెళ్ళకుండా ఆ ముక్కనే బయట పట్టుకోవడం. మేం మొదటి దారిలో వెళ్ళాం.

వెళ్ళినట్టే కనిపించింది. యాంటీబాడీకి ఎర్రగా మెరిసే రంగు తగిలించి, కణాలతో కలిపి, మైక్రోస్కోపులో చూస్తే కణాల లోపల ఎర్రటి వెలుగు. దీపావళి మతాబుల్లా ఉండేవి ఆ బొమ్మలు. మా డైరెక్టరు భాస్కర్ గారు ఒక బొమ్మను పెద్దది చేయించి తన గది గోడకు పెట్టించారు. ఆయన విదేశాల్లో చాలాకాలం పనిచేసి వచ్చిన మనిషి, మంచి శాస్త్రవేత్త. ఎవరి తప్పునైనా మొహం మీదే చెప్పేవారు గానీ పరువు తీసేవారు కాదు. ఆయనలో లోపం ఒక్కటే. ఆశ ఎక్కువ. ఆశ ఉన్న బాస్ దగ్గర పనిచేయడం సుఖంగానే ఉంటుంది. దాని ఖర్చు మాత్రం కింది వాళ్ళ మీద పడుతుంది.

పెట్టుబడి పెట్టేవాళ్ళు వస్తున్నారని ఆయన ఒక పేపరు విలేఖరితో మాట్లాడారు. "మా యాంటీబాడీ క్యాన్సర్ కణం లోపలికి వెళుతోంది" అన్నది ఆయన చెప్పిన మాట. "ప్రోస్టేట్ క్యాన్సర్‌కు మన దగ్గరే మందు, త్వరలో" అన్నది జిల్లా పేజీలో వచ్చిన మాట.

పేరు లేని జబ్బు

ఆడదాన్నై ఉండి ప్రోస్టేట్ మీద పనిచేయడం ఏమిటని నన్ను చాలామంది అడిగారు. మా ప్రాంతంలో మగవాళ్ళు ఆ గ్రంథి పేరు పలకరు. "ఒంటేలు జబ్బు" అంటారు. లేదంటే "లోపలి ఇబ్బంది" అంటారు. ఆడవాళ్ళ ముందు అదీ అనరు. నెత్తురు పడుతున్నా నెలల తరబడి పెళ్ళానికి చెప్పనివాళ్ళను చూశాను.

మా బావ, అంటే మా అక్క కరుణ భర్త ఆనందరావు, కశింకోటలో చెరకు క్రషర్ల ఇంజిన్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. షాపంతా గ్రీజు, మనిషంతా నవ్వు. నా పెళ్ళికి ముందు నుంచీ నన్ను ఏడిపించడమే అతని పని. పేపరు వచ్చిన వారంలో ఆదివారం చర్చి అయ్యాక అక్కా బావా అనకాపల్లిలో మా ఇంటికి భోజనానికి వచ్చారు. బావ చొక్కా జేబులోంచి పేపరు ముక్క తీశాడు.

"ఏటే మరదలా, మీ కంపెనీ పేపర్లో పడిపోనాది! మగాళ్ళ జబ్బుకి మందంట. ఆడకూతురివి, నీకేటి తెల్సే మగాళ్ళ సంగతి?"

"మీ మగాళ్ళు నోరిప్పి చెప్పరు కదా బావా. అందుకే మేం సీసాల్లో పెట్టి చూసుకోవాల్సొచ్చింది."

"ఓసోస్, పెద్ద డాట్రమ్మ!" అని నవ్వి, చేపల పులుసు ఇంకాస్త వేయించుకుని, "అయితే ఎప్పుడొత్తాదేటి ఆ మందు?" అన్నాడు.

"ఎప్పుడో ఎవరికి తెలుసు. ఎలకల్లో చూడాలి, ఆ తర్వాత మనుషుల్లో చూడాలి. ఏళ్ళు పడతాయి."

"మరి పేపరోడు తొందర్లోనే అన్నాడు గదా."

"పేపరువాళ్ళకు అన్నీ తొందరే."

బావ ఆ ముక్కను మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. నా పేరు లేకపోయినా మా కంపెనీ పేరు ఉంది కదా, షాపులో నలుగురికీ చూపించుకుంటాడనుకున్నాను. అప్పటికే అతనికి ఆ జబ్బు ఉందని విశాఖపట్నంలో డాక్టర్లు తేల్చి చెప్పారు. మా అక్కకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమెతో బైబిలు మీద చెయ్యి వేయించి మరీ ఒట్టు పెట్టించుకున్నాడట.

గీకే పుల్ల

ఇప్పుడు మా తప్పు సంగతి. కొత్తగా చేరేవాళ్ళు ఈ భాగం మాత్రం నెమ్మదిగా చదవాలి.

కణాలు సీసా అడుగుకు అంటుకుని పెరుగుతాయి. వాటిని అక్కడి నుంచి ఊడదీయాలి. అందరూ వాడే పద్ధతి ఒక ఎంజైము పోయడం. అది అతుకును కోసేసి కణాలను విడగొడుతుంది. అయితే ఆ ఎంజైము కణం పైనున్న ప్రోటీన్లను కూడా నరికేస్తుంది. మా యాంటీబాడీ పట్టుకోవాల్సింది సరిగ్గా ఆ పైనున్న ప్రోటీన్‌నే. అందుకని మేం ఎంజైము మానేసి, చివర రబ్బరు ఉన్న పుల్లతో కణాలను గీకి తీసేవాళ్ళం. ఆలోచించి పెట్టుకున్న పద్ధతే. అందులో తెలివితక్కువతనం ఏమీ లేదు.

గీకితే కొన్ని కణాల పొర చిరుగుతుంది. చిరిగిన కణంలోకి ఏదైనా పోతుంది, మంచమైనా సరే. ఇది మాకు తెలియదా అంటే తెలుసు. కణాలు బతికున్నాయో లేదో చూసుకోవడానికి పరీక్షలు ఉన్నాయి. చచ్చిన కణాల్లోకి మాత్రమే వెళ్ళే రంగు ఒకటుంది. ఆ రంగు ఎరుపు. మా యాంటీబాడీకి తగిలించిందీ ఎరుపే. రెండూ కలిస్తే ఏది ఏదో తెలియదని ఆ రంగు వాడలేదు. దానికి బదులు, ప్రతిసారీ జంటగా పెంచిన రెండో సీసాలోని కణాలను తీసి, నీలం రంగు వేసి, బతికినవెన్నో లెక్కపెట్టేవాళ్ళం. దాదాపు అన్నీ బతికుండేవి.

లెక్కకు మాత్రమే కదా అని, ఆ రెండో సీసాను ఎంజైముతో ఊడదీసేవాళ్ళం. అది తేలిక, గీకనక్కర్లేదు.

అర్థమైందా? బతికున్నాయని లెక్కపెట్టినవి ఒక సీసా కణాలు. వెలుగు చూసినవి వేరే సీసా కణాలు. ప్రతి అడుగుకూ మా దగ్గర మంచి కారణం ఉంది. అన్ని మంచి కారణాలూ కలిసి మమ్మల్ని ముంచాయి. సీసాకు అంటుకుని ఉన్నప్పుడు చూస్తే కణాల్లో వెలుగు చాలా తక్కువగా ఉండేది. అక్కడ యాంటీబాడీకి దారి తక్కువ కాబోలని సర్ది చెప్పుకున్నాం. నాకు నచ్చని ఫలితం వస్తే దానికి కారణం వెతికాను. నచ్చిన ఫలితం వచ్చినప్పుడు ఎందుకు వచ్చిందని వెతకలేదు. లాబ్‌లో ఉన్నవాళ్ళందరం అంతే.

ఒక సోమవారం గీకే పుల్లలు అయిపోయాయి. కొత్త పెట్టె ఎక్కడో చెక్‌పోస్టు దగ్గర లారీలో ఆగిపోయింది. మా లాబ్‌లో హేమ అని ఒక శాస్త్రవేత్త, నాకంటే చాలా చిన్నది. పని ఆపడం ఇష్టంలేక, కణాలను పట్టి ఉంచే కాల్షియాన్ని లాగేసే ఉప్పునీళ్ళు పోసి, చల్లగా ఉంచి, వాటంతట అవే ఊడేదాకా ఓపిగ్గా కూర్చుంది. ఆ రోజు వెలుగు లేదు. నల్లటి తెర మీద అక్కడక్కడా ఒకటి రెండు చుక్కలు.

హేమ నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడింది. "మేడమ్, నా చేత్తో పాడుచేశాను. పారబోసేస్తాను."

"పారబొయ్యకు."

"ఏం రాలేదు మేడమ్. అంతా నలుపే."

"నలుపు కూడా వచ్చినట్టే. కూర్చో. ఇవి బాగా బతికున్న కణాలేమో అన్న అనుమానం నీకు రాలేదా?"

ఆమెకు వచ్చింది. మొహం చూస్తే తెలిసింది. పైకి అనడానికి భయపడింది, అంతే. యాంటీబాడీకి ఆకుపచ్చ రంగు తగిలించి, గీకిన కణాల్లో చచ్చినవాటికి ఎరుపు వేసి మర్నాడు చూశాం. పచ్చగా వెలిగిన ప్రతి కణమూ ఎర్రగానే ఉంది. కొన్నేళ్ళుగా మేం చూసి మురిసిపోయిన వెలుగంతా చచ్చిన కణాల్లోది.

నాకు ఏడుపు రాలేదు. ఆకలి వేసింది. క్యాంటీన్‌కు వెళ్ళి చల్లారిపోయిన ఉప్మా తిన్నాను.

డైరెక్టరు గది

భాస్కర్ గారు బొమ్మలు మూడు నాలుగు సార్లు ముందుకూ వెనక్కూ తిప్పి చూశారు. కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు.

"ఎన్నిసార్లు చేశారు?"

"ఒక్కసారే సర్."

"మూడుసార్లు చేయండి. వేరే కణాలతో కూడా. అప్పటిదాకా ఈ మాట ఈ గది దాటకూడదు."

నేను సరే అన్నాను. ఆయన భయంతో అన్నారని ఎవరైనా అనుకోవచ్చు. పెట్టుబడివాళ్ళ సమావేశం దగ్గరలోనే ఉంది. కానీ ఆ మూడుసార్ల నియమం నాది. నేను లాబ్‌లో అందరి నెత్తిన రుద్దిన నియమం అది. మూడుసార్లు చూడనిదే ఏ ఫలితమూ నోటితో చెప్పకూడదు. ఇంట్లో కూడా అదే వరస. గ్యాస్ కట్టేశానా అని మూడుసార్లు చూస్తాను. మంచి మాటకైనా చెడ్డ మాటకైనా ఆ నియమం ఒకటే.

మూడుసార్లు పూర్తవడానికి రెండు వారాలు పడుతుంది. కణాలు పెరగాలి కదా. వాటిని ఎవరూ తొందరపెట్టలేరు.

బుధవారం సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అక్క వరండాలో కూర్చుని ఉంది. చెప్పులు కూడా విడవలేదు.

"ఓలే సెల్లీ, నాను ఒట్టు తప్పుతున్నానే" అంది.

అంతా చెప్పింది. వానాకాలంలోనే తేలిందట. జబ్బు వెన్నెముకకు పాకింది. మగవాళ్ళ హార్మోను ఈ క్యాన్సర్‌కు ఆహారం. అది రాకుండా చేస్తే జబ్బు అణుగుతుంది. దానికి ఇంజెక్షన్లు ఉన్నాయి, లేదా వృషణాలు తీసేసే చిన్న ఆపరేషన్ ఉంది. డాక్టరు రెండూ చెప్పాడు. ఏది చేసినా మగతనం పోతుందని బావ రెండింటికీ వద్దన్నాడు.

"మరదలు మందు సేత్తంది, అదొత్తాది, కొయ్యక్కర్లేదు అంటాడే. అడిగితే ఆ పేపరు ముక్క సూపిత్తాడు. మొన్నటి నుంచి కూకుంటే లెగలేకపోతన్నాడు. కాళ్ళు మొద్దుబారిపోతన్నాయంట. నీతో సెప్పితే సచ్చిపోతానన్నాడు, సిగ్గంట. నువ్వే సెప్పే, ఎప్పుడొత్తాది నీ మందు? ఓ నెల్లో వత్తాదా?"

కాళ్ళు మొద్దుబారడం అంటే ఏమిటో నాకు తెలుసు. వెన్నెముకలో గడ్డ నరాలను నొక్కుతోంది. నొక్కుడు ఎక్కువైతే ఒక పూటలో కాళ్ళు పడిపోవచ్చు. పడ్డాక తిరిగి రావడం అరుదు.

భాస్కర్ గారికి ఫోన్ చేశాను.

"సర్, ఒక మనిషికి చెప్పాలి."

"ఏం చెప్పాలి? ఎవరికి?"

"మా బావకి. పేపరు చదివి వైద్యం మానేశాడు. మన మందు వస్తుందని కూర్చున్నాడు."

ఫోన్లో ఆయన గది ఫ్యాను చప్పుడు వినిపించింది. చివరికి, "మీరు నాకు ఫోన్ చెయ్యలేదు" అని పెట్టేశారు.

వెళ్ళమన్నట్టా, వద్దన్నట్టా? ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో మంచి బాసులు కూడా ఎక్కువసార్లు ఇచ్చే జవాబు ఇలాంటిదే. దానికి అర్థం మనమే చెప్పుకోవాలి. తర్వాత లెక్క కూడా మన దగ్గరే అడుగుతారు.

కశింకోట

మర్నాడు సెలవు పెట్టి షేర్ ఆటోలో వెళ్ళాను. బావ ముందుగదిలో నవారు మంచం మీద పడుకుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి, ఆగి, నవ్వాడు.

"ఏటే మరదలా, గురువారం పూట ఊడిపడ్డావు. మీ కంపెనీ మూసీసేరా?"

"నీ కోసమే వచ్చాను బావా."

"మీ అక్క సెప్పీసింది కాదేటి. దాని నోట్లో నువ్వుగింజ నానదు."

అక్క వంటింట్లో గిన్నెలు చప్పుడు చేయడం ఆపేసింది. నేను కుర్చీ మంచం పక్కకు లాక్కున్నాను. ఇన్నేళ్ళ పరాచికాల్లో ఎన్నడూ మా మధ్య రాని మాటలు అనాలి.

"ప్రోస్టేట్ క్యాన్సర్ అన్నారు. వృషణాలు తీసెయ్యాలన్నారు. అవునా?"

బావ గోడ వైపు తిరిగాడు. మెడ వెనక ఎర్రబడింది. "ఆడకూతురు అనీ మాటలేనా అవి" అన్నాడు.

"ఏళ్ళ తరబడి రోజూ అంటున్నాను బావా. నా ఉద్యోగమే అది."

"మరి ఆ ఉద్యోగంలో సేసిన మందేదో పట్రా. కొయ్యడాలు దేనికి?"

"మందు లేదు. రాదు."

"పేపర్లో..."

"ఆ పేపర్లో రాసిన పని చేసింది నేనే. నేనే చెప్తున్నాను. లోపలికి వెళ్ళిందనుకున్నాం. వెళ్ళింది చచ్చిన కణాల్లోకి. బతికున్నవాటిలోకి వెళ్ళలేదు."

ఈ వైపు తిరిగాడు. "ఎప్పుడు తేలింది?"

"మొన్న."

"ఎన్నిసార్లు సూసేవు?"

నేను దుప్పటి అంచు సరిచేశాను.

"నాకు తెల్దేటే నీ సంగతి. పాలోడి లెక్క మూడుసార్లు కూడతావు. తాళం యేసి మూడుసార్లు లాగుతావు. సెప్పు, ఎన్నిసార్లు సూసేవు?"

"ఒకసారే."

"అదీ!" మంచం పట్టె మీద చేత్తో కొట్టాడు. గెలిచినట్టు నవ్వాడు. "ఇంకో రెండుసార్లు సూసి రా. అప్పుడు ఇంటాను నీ మాట."

నా నియమం ఇంత బరువైనదని అప్పటిదాకా తెలియదు. అతను దాన్ని పట్టుకుని వేలాడుతున్నాడు. ఒకవేళ రెండోసారి వేరేగా వస్తే? రావచ్చు. ఒక్కసారి చూసి చెప్పినవాళ్ళను నేనే ఎంతమందినో చీవాట్లు పెట్టాను.

"బావా, ఇంకో రెండుసార్లు చూడ్డానికి నాకు రెండు వారాలు కావాలి. నీ దగ్గర రెండు వారాలు లేవు. కాలు పైకెత్తు చూద్దాం."

అతను ఎత్తబోయాడు. కుడికాలు కాస్త లేచింది. ఎడమకాలు దుప్పటి కింద కదిలిందంతే. నవ్వు పోయింది.

గొంతు తగ్గించి అన్నాడు. "కోసేత్తే నానేటైపోతాను మరదలా? షాపులో నలుగురూ నవ్వరేటి?"

"నడుచుకుంటూ షాపుకెళ్తే నవ్వితే నవ్వుతారు. నలుగురు మోసుకెళ్తే ఎవరూ నవ్వరు."

వంటింటి గుమ్మంలో అక్క కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. బావ ఆమెను చూశాడు, నన్ను చూశాడు, పైకప్పు కేసి చూశాడు.

"నీ మందు నమ్మి పడుకున్నానే" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది. తర్వాత, "ఒసే కరుణా, బట్టలు సద్దు" అన్నాడు.

ఆ సాయంత్రానికే విశాఖపట్నంలో చేర్చాం. నరాల మీద వాపు తగ్గడానికి మందులు పెట్టారు. ఇంజెక్షన్ పనిచేసేదాకా ఆగే తీరిక లేదని, అన్నిటికంటే త్వరగా పనిచేసేది ఆపరేషనేనని డాక్టరు చెప్పాడు. మర్నాడు చేశారు. వెన్నెముకకు రేడియేషన్ ఇచ్చారు. కర్ర పట్టుకునే అయినా బావ తన కాళ్ళ మీద ఇంటికి వచ్చాడు.

తర్వాత లాబ్‌లో జరిగింది

మూడుసార్లూ అదే ఫలితం వచ్చింది. భాస్కర్ గారు పెట్టుబడివాళ్ళ ముందు నిలబడి, మా వెలుగు చచ్చిన కణాలదని తానే చెప్పారు. హేమ పేరు చెప్పి మరీ చెప్పారు. అది ఆయన గొప్పతనం. ఆ రోజు వచ్చినవాళ్ళలో చాలామంది తర్వాతి రైలుకే వెళ్ళిపోయారు. భాస్కర్ గారు పేపరుకు కూడా ఫోన్ చేసి ఆ మాట వేయమన్నారు. వేయలేదు. మందు రావడం లేదన్నది వార్త కాదట.

ఆ తర్వాత రెండో దారిలో వెళ్ళాం. కణం బయటికి చూపించే లోపలి ముక్కను పట్టుకోవడం. ఆ ముక్కను ఎత్తి చూపించే ప్రోటీన్ మనిషికో రకంగా ఉంటుంది కాబట్టి, మందు వచ్చినా కొందరికే వస్తుందని మొదటే తెలుసు. అయినా చేశాం. మంచి యాంటీబాడీ ఒకటి దొరికింది. బతికున్న కణాలనే పట్టుకుంది. ఈసారి అన్ని రంగులూ వేసి చూశాం. కొన్నేళ్ళ తర్వాత, అది గుండె కండరంలోని కణాలను కూడా పట్టుకుంటోందని తేలింది. అక్కడా దాదాపు అలాంటి ముక్కే ఉంది. దాన్నీ ఆపేశాం. నేను రిటైరయ్యేనాటికి మా లాబ్ నుంచి ఒక్క మందూ బయటికి రాలేదు. వేరే దేశాల్లో వేరేవాళ్ళు ఈ దారుల్లోనే ఇంకా నడుస్తున్నారు. ఎప్పుడో ఒకప్పుడు చేరతారనే అనుకుంటున్నాను. నాకు మాత్రం అలసట మిగిలింది. కుడి భుజం మైక్రోస్కోపు మీద వంగి వంగి పట్టేసింది.

చేరేవాళ్ళకు నేను చెప్పగలిగింది తక్కువ. బతికున్నాయని ఏ కణాలను లెక్కపెట్టారో, వెలుగు కూడా ఆ కణాల్లోనే చూడండి. మూడుసార్లు చేయండి. ఒక మనిషి ప్రాణం మీదికి వస్తే మాత్రం ఒక్కసారే చూశానని ముందే చెప్పి, ఆ ఒక్కసారి చూసినదాన్నే చెప్పండి.

వార్డులో

బావకు ఆపరేషన్ అయిన మర్నాడు క్యారేజీ పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. మగవాళ్ళ వార్డు. అన్ని మంచాల కిందా మూత్రం సంచులు వేలాడుతున్నాయి. ఎవరూ ఎవరితోనూ జబ్బు గురించి మాట్లాడుకోవడం లేదు. చెరకు రేటు, రైలు ఆలస్యం, ఏదో ఒకటి. బావ కూడా తన తమ్ముళ్ళకు నడుం నొప్పి అనే చెప్పించాడు.

పక్క మంచం మీద ఎస్. రాయవరం వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకడున్నాడు. అల్లుడు ఆయన కాళ్ళు పిసుకుతున్నాడు. ఇద్దరూ సామాను మూట కట్టుకుని ఉన్నారు.

"ఎల్లిపోతన్నావేటి మావా?" అన్నాడు బావ.

"అవును బావూ. కొయ్యాలంటన్నారు. ఎందుకొచ్చిన గొడవ? ఏదో సూదిమందొత్తందంట గదా, మా ఊళ్ళో సదువుకున్నోళ్ళు సెప్పేరు. మన కాడే సేత్తన్నారంట. అదొచ్చేవరకూ ఆగుదారని."

బావ నా వైపు చూడలేదు. మోచేతుల మీద పైకి లేచాడు. దుప్పటి నడుం దాకా జారింది.

"రాదు" అన్నాడు.

"ఏటి?"

"ఆ మందు రాదు. నానూ ఆగేను. ఆగి కాళ్ళు పోగొట్టుకోబోయేను. నిన్న కోయించుకున్నాను, రెండూ." షాపులో ఇంజిన్ చప్పుడు మీద అరిచే గొంతు అది. వార్డు అంతా వినిపించింది. మాటలు ఆగిపోయాయి. "ఏటీ అవలేదు నాకు. నిన్నటి మనిషినే. కోయించుకో."

"రాదని నీకెవడు సెప్పేడు?"

"ఎవడో సెప్పడమేటి? సేత్తన్నది నా మరదలే. ఇదిగో, కూడట్టుకొచ్చింది. అడుగు."

పెద్దాయన నా వైపు తిరిగాడు. అల్లుడు పిసకడం ఆపాడు. అటు చివర మంచం మీద ఒకతను కూడా తల ఎత్తాడు. రెండోసారి వేసిన కణాలు ఆ రోజుకు ఇంకా సీసాలోనే పెరుగుతున్నాయి.

"నిజమేనా తల్లీ?" అన్నాడు పెద్దాయన.

"నిజమే బాబూ. రాదు. మీరు ఆగకండి."

ఆయన కాసేపు తన మూట కేసి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత అల్లుడితో, "ఇప్పు" అన్నాడు.